ఒక టి-1 ఎన్ని ఇ-1లకు సమానం?

పర్లాకిమిడి,
గజపతి జిల్లా.

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

ఎన్నో ఫోను సంభాషణలను ఒకేసారి అంకెలుగా మోసే లైన్లలో, అమెరికాలో వాడిన టి-1 లైను ఒకటి మన దేశంలో వాడిన ఇ-1 లైన్లు ఎన్నింటికి సమానమన్న లెక్కకు మీ ముగ్గురూ మూడు జవాబులు పంపారు: 0.754, 0.75, 0.8. వీటిలో ఏది తప్పని అడిగారు. ఏదీ తప్పు కాదు. మూడూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఎవరు ఏ ప్రశ్నకు జవాబు రాశారో తెలుసుకోవడమే మిగిలింది.

లెక్క ఎప్పుడైనా 64 దగ్గర మొదలుపెట్టండి. ఈ లైన్ల టెలిఫోను మన గొంతులో 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా ఉన్న భాగాన్నే మోస్తుంది. ఏ ధ్వనినైనా అవతలి కొసన మళ్ళీ నిలబెట్టాలంటే దానిలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలవాలి కాబట్టి, కొంత ఎడం వదిలి ఆ హద్దును 4000గా తీసుకుని, సెకనుకు 8000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లలో, అంటే ఎనిమిది 0, 1 గుర్తులలో, రాస్తారు. అలా ఒక సంభాషణకు, ఒక్కో వైపున, సెకనుకు 64,000 బిట్లు కావాలి. మాట్లాడేది తెలుగైనా, ఒడియా అయినా, సవర అయినా లైనుకు అంతే.

ఇ-1లో ఇలా ఒక్కో సంభాషణకు సరిపడే 64 కిలోబిట్ల వంతులు, గదులనుకోండి, 32 ఉంటాయి. అందువల్ల దాని వేగం సెకనుకు 2048 కిలోబిట్లు. ఆ సంఖ్యను చూడగానే కంప్యూటరు మెమరీలోని 1024 గుర్తుకు వచ్చి, ఇది సరిగ్గా 2 మెగాబిట్లని రాసేవారు చాలామంది ఉన్నారు. లైన్ల లెక్కలో కిలో అంటే 1000 మాత్రమే, ఇది 2.048 మెగాబిట్లు. టి-1లో గదులు 24, అంటే 1536 కిలోబిట్లు. గదులన్నీ ఒక్కో కొలత చొప్పున మోసే ఒక చుట్టును ఫ్రేము అంటారు; ఆ ఫ్రేము ఎక్కడ మొదలవుతుందో గుర్తు పెట్టడానికి ఒక్కో ఫ్రేముకు ఒక బిట్ చొప్పున సెకనుకు మరో 8000 బిట్లు చేర్చితే 1544 అవుతుంది.

ఇప్పుడు మీ జవాబులకు వద్దాం. మన సంతలో జీడిపిక్కలను తూచేటప్పుడు గోనెసంచితో కలిపిన బరువు ఒకటి, సంచి తీసేసిన బరువు ఒకటి ఉంటాయి కదా, లైన్లకూ అంతే. 1544ను 2048తో భాగిస్తే వచ్చే 0.754 సంచితో సహా ఉన్న లెక్క. 24ను 32తో భాగిస్తే వచ్చే 0.75 గదుల లెక్క. అయితే ఇ-1లో సున్నా గదిని ఫ్రేము గుర్తుకూ, 16వ గదిని ఏ ఫోను మోగాలి, ఎవరు రిసీవరు పెట్టేశారు వంటి సంకేతాలకూ కేటాయిస్తారు. గొంతులకు మిగిలేవి 30 కాబట్టి, సంభాషణలలో కొలిస్తే 24ను 30తో భాగించాలి, అదే 0.8. పర్లాకిమిడి నుంచి బరంపురానికి ఒకే ఒక్క ఇ-1 ఉందనుకుంటే, 31వ మనిషికి లైన్లన్నీ రద్దీగా ఉన్నాయన్న మాటే వినిపిస్తుంది.

టి-1లో సంకేతాలకు గది లేదు కదా, అవి ఎలా వెళ్తాయని మీకు సందేహం రావాలి. పాత పద్ధతిలో ప్రతి ఆరవ ఫ్రేములోనూ ఒక్కో గది నుంచి చివరి బిట్‌ను దొంగిలించి సంకేతానికి వాడుకునేవారు. గొంతులో ఆ లోటు చెవికి తెలియదు, కానీ అదే గదిలో లెక్కల పట్టికను పంపితే ఒక్క బిట్ పోయినా అంకె మారిపోతుంది. ఏ ఫ్రేములో దొంగతనం జరుగుతుందో నమ్మకం లేక డేటాకు ఏడు బిట్లే వాడారు. 8000ను 7తో గుణిస్తే 56,000. అమెరికాలో అద్దెకిచ్చే లీజు లైన్లలో 56 కిలోబిట్లు, మన దగ్గర 64 కిలోబిట్లు కనబడటానికి ఇదే కారణం. సంకేతాలను విడిగా పెట్టిన మన పద్ధతే నాకు మేలైనదిగా తోస్తుంది.

ఇ-1లను కలిపి కట్టిన పెద్ద లైన్లలో, అంటే ఇ-2, ఇ-3, ఇ-4 అనే పై మెట్లలో, గుణకారం కూడా సరిగ్గా కుదరదు. నాలుగు ఇ-1లు కలిస్తే 8.192 మెగాబిట్లు కావాలి, కానీ ఇ-2 వేగం 8.448. ఒక్కో ఇ-1 తన సొంత గడియారంతో నడుస్తుంది. పది లక్షలకు 50 వంతు అటూ ఇటూ ఉండవచ్చు, అంటే సెకనుకు సుమారు వంద బిట్ల తేడా. ఆ తేడాను సర్దడానికి అవసరమైనచోట ఖాళీ బిట్లు కూరుతారు, ఆ కూర్పుకూ ఫ్రేము గుర్తుకూ చోటు వదలాలి. ఇ-3లో 16 ఇ-1లే ఉన్నా వేగం 34.368. ఇ-4లో 64 ఇ-1లుంటే వేగం 139.264, ఇక్కడ అదనం సరిగ్గా 8.192, అంటే నాలుగు ఇ-1లంత. తరువాత వచ్చిన ఎస్‌టీఎం పద్ధతిలో గడియారాలన్నీ ఒకదానితో ఒకటి కలిసి నడవడం వల్ల, ఎస్‌టీఎం-1 వేగమైన 155.52ను నాలుగుతో గుణిస్తే ఎస్‌టీఎం-4 వేగమైన 622.08 కచ్చితంగా వస్తుంది. అయినా ఒక ఎస్‌టీఎం-1లో పట్టేవి 63 ఇ-1లే, 155.52ను 2.048తో భాగించి 75 అని రాయకండి.

బైట్ల సంగతి చిన్నదే: 8తో భాగించండి. 64 కిలోబిట్ల లైను సెకనుకు 8000 బైట్లు మోస్తుంది; పది లక్షల బైట్ల ఫోటోకు 125 సెకన్లు పడుతుంది.

టి-3ని మీకే వదులుతున్నాను. దాని వేగం 44.736 మెగాబిట్లు, లోపల ఉండేవి 28 టి-1లు. అందులో సంభాషణలెన్ని, సంచి బరువెంత, రెండూ వేర్వేరుగా రాసి పంపండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య