బ్లూబెర్రీకి చలి హాజరు

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, మినియాపోలిస్‌లో ఉంటున్న ఒక పాఠకురాలు అడిగారు: "పెరట్లో బ్లూబెర్రీ పెడదామనుకుంటున్నాం. నర్సరీకి వెళ్తే పది రకాలు చూపించారు, అన్నిటి లేబుల్ మీదా నోరూరించే బొమ్మే. ఇక్కడి చలికి ఏది తట్టుకుంటుంది?"

ప్రశ్న మంచిదే. కానీ చలిని తట్టుకోవడం కథలో సగమే. చలి తగలకపోతే పూయలేకపోవడం మిగతా సగం, నాకు అసలు సరదా అక్కడే. గుంత ఎంత తవ్వాలి, ఎండ ఎంత కావాలి లాంటివి లేబుల్ మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను.

నూరేళ్ల కిందట అమెరికా వ్యవసాయ శాఖలో ఫ్రెడరిక్ కోవిల్ అనే వృక్షశాస్త్రవేత్త ఉండేవాడు. అప్పటికి బ్లూబెర్రీ అంటే అడవిలో ఏరుకునే పండే. దానికి పుల్లటి నేల కావాలని 1910లో తేల్చి చెప్పింది ఆయనే. న్యూజెర్సీలో క్రాన్‌బెర్రీ తోటలున్న ఎలిజబెత్ వైట్ ఆయనకు చోటిచ్చింది. పెద్ద కాయలు కాసే అడవి పొదలు చూపించినవాళ్లకు డబ్బులిచ్చి మరీ మొక్కలు పోగుచేసింది. 1916లో తొలి సాగు పంట అమ్మకానికి వెళ్లింది.

ఈ కథ చాలామంది చెబుతారు. కోవిల్ 1920లో అచ్చువేసిన ఇంకో ప్రయోగం గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆయన కొన్ని మొక్కల్ని శీతాకాలమంతా వెచ్చటి గాజుగదిలో ఉంచాడు. వసంతం వచ్చింది, బయట చలిలో పడున్నవి చక్కగా చిగురించాయి, లోపల సుఖంగా ఉన్నవి మొద్దులా ఉండిపోయాయి. అప్పుడు ఆయనకో ఆలోచన వచ్చింది. గాజుగదిలో ఉన్న మొక్క కొమ్మనొకదాన్ని కన్నంలోంచి బయటికి పెట్టాడు. వసంతంలో ఆ కొమ్మ ఒక్కటే ఆకులేసింది! వేళ్లు అవే, నీళ్లు అవే, అయినా పక్క కొమ్మకు కబురు అందలేదు. అంటే చలి లెక్క మొక్కంతటికీ కలిపి ఉండదు, ఏ మొగ్గ లెక్క దానిదే.

ఆ లెక్క అచ్చం మన కాలేజీ హాజరు లాంటిది. హాజరు నిండితేనే హాల్‌టికెట్ ఇస్తారు, హాల్‌టికెట్ ఉంటేనే పరీక్ష. మొగ్గ విషయంలో పరీక్ష అంటే వసంతపు వెచ్చదనానికి విచ్చుకోవడం. హాజరు గంటల్లో వేస్తారు. సుమారుగా 0 నుంచి 7 డిగ్రీల సెల్సియస్ మధ్య గడిచిన ప్రతి గంటా ఒక హాజరు. గడ్డకట్టే చలి ఈ రిజిస్టర్‌లోకి ఎక్కదు, కాలేజీ గేటు దాకా వచ్చి క్లాసులోకి రానట్టే. అందుకే మిన్నెసోటాలో ఒళ్లు కొరికే జనవరి హాజరుకు దాదాపు పనికిరాదు. అక్టోబరు, నవంబరు, మళ్లీ మార్చి, ఏప్రిల్ నెలలే లెక్కకొస్తాయి. పైగా కోతలు కూడా ఉన్నాయి. పీచ్ చెట్ల కోసం 1974లో యూటాలో తయారైన పద్ధతిలో 18 డిగ్రీలు దాటిన ప్రతి గంటకూ ఉన్న హాజరులోంచి ఒకటి తీసేస్తారు.

ఇప్పుడు రకాల సంగతి. ఉత్తరాది హైబుష్ (పొడుగు పొద) రకాలకు 800 నుంచి 1000 గంటలు, కొన్నిటికి ఇంకా ఎక్కువ కావాలి. ఫ్లోరిడాలో, అక్కడి అడవి జాతిని కలిపి పెంచిన దక్షిణాది హైబుష్ రకాలకు 150 నుంచి 500 చాలు. "చలి ఎక్కువున్న ఊళ్లో తక్కువ అడిగే మొక్క పెడితే ఇంకా సుఖం కదా" అనిపిస్తుంది. సరిగ్గా అక్కడే మొక్క పోతుంది. తక్కువ హాజరు చాలనుకునే మొక్కకు శీతాకాలం మొదట్లోనే హాల్‌టికెట్ చేతికొచ్చేస్తుంది. ఇక అది ఏ వెచ్చటి వారాన్ని చూసినా పరీక్షే అనుకుంటుంది. ఎక్కువ అడిగే మొక్క మాత్రం హాజరు నిండక వసంతం దాకా కదలదు, ఆ మొండితనమే దానికి రక్ష.

మొగ్గ కదలడం ఎంత ప్రమాదమో చూడండి. గాఢ నిద్రలో ఉన్న గట్టి రకం మొగ్గ మైనస్ 30 డిగ్రీల దాకా ఓర్చుకోగలదు. ఉబ్బడం మొదలైతే మైనస్ 10 దగ్గరే దెబ్బతింటుంది. పువ్వు విచ్చుకున్నాక మైనస్ 2 చాలు. 2012 మార్చిలో అమెరికా ఉత్తరాన ఎండాకాలం లాంటి వేడి వచ్చి, ఏప్రిల్‌లో గడ్డకట్టే చలి తిరిగొస్తే మిచిగన్‌లో ఆపిల్, పుల్ల చెర్రీ పంట చాలావరకు తుడిచిపెట్టుకుపోయింది. అవి ఆ చలికి అలవాటుపడ్డ చెట్లే, హాల్‌టికెట్ వచ్చాక మోసపోయాయి.

నిద్రలో ఆ బలం ఎక్కడిదంటారా? శరదృతువులో పగళ్లు తగ్గేకొద్దీ కణాల్లోని పిండిపదార్థం చక్కెరలుగా మారుతుంది, డీహైడ్రిన్లనే ప్రోటీన్లు పోగవుతాయి. మంచు మొదట కణాల బయటి సందుల్లో కడుతుంది, కణంలోంచి నీటిని లాగేస్తుంది. లోపల మిగిలిన చిక్కటి ద్రవం గడ్డకట్టదు, డీహైడ్రిన్లు పొరల్ని, ఎంజైముల్ని కాపాడతాయి. ఒక్కమాటలో, మొగ్గ తనను తాను ఎండబెట్టుకుంటుంది. వెచ్చదనం తగలగానే నీళ్లు తిరిగొస్తాయి, కవచం పోతుంది.

ఇంటర్ బోటనీలో వెర్నలైజేషన్ అని రెండు మార్కుల ప్రశ్న ఒకటి చదివే ఉంటారు. ఇది అది కాదు. అక్కడ చలి తగిలాకే పూమొగ్గ కట్టడం మొదలవుతుంది. బ్లూబెర్రీ పూమొగ్గ కిందటి వేసవి చివర్లోనే కట్టేసి ఉంటుంది, చలి దాని తాళం తీస్తుందంతే. చలికాలంలో కొమ్మను దగ్గరగా చూడండి. కొసన బొద్దుగా ఉన్నవి పూమొగ్గలు, కింద సన్నగా, కొమ్మకు అతుక్కున్నట్టున్నవి ఆకుమొగ్గలు. చూడ్డానికి నీట్‌గా ఉంటుందని అక్టోబరులో కొసలు కత్తిరించారో, వచ్చే జులై పంట కత్తిరించినట్టే. ఆ తర్వాత "దిష్టి తగిలింది" అని మిరపకాయలు కడితే లాభం లేదు.

మరి ఏది కొనాలి? అక్కడి యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటా ఈ తలనొప్పికే మందు కనిపెట్టింది. పొడుగు హైబుష్‌ను, నేలబారు లోబుష్‌తో కలిపి హాఫ్‌హై రకాలు తీసింది. 1983లో నార్త్‌బ్లూ, నార్త్‌స్కై వచ్చాయి, 1996లో పొలారిస్, చిప్పెవా. పొట్టిగా ఉండటం వీటికి పెద్ద సుగుణం. నార్త్‌స్కై మోకాలెత్తు కూడా ఉండదు. బయట మైనస్ 30 ఉన్నా మందంగా పరుచుకున్న మంచు కింద, నేల దగ్గర, సున్నాకు కాస్త కిందే ఉంటుంది. అంటే మొక్క సహజంగా మంచు దుప్పటిలో దాక్కుంటుంది. అందుకే దారి మీద మంచు తోసి ఈ పొదల మీద పోయండి, పారేయకండి. కాయ పెద్దదిగా, ఎక్కువగా కావాలంటే నార్త్‌బ్లూ, చిప్పెవా నా ఎంపిక. కుందేళ్లు చలికాలంలో కొమ్మలు కొరికేస్తాయి, చుట్టూ ఇనుప జాలి తప్పదు. ఒకే రకం రెండు కాకుండా రెండు రకాలు పెట్టండి. తనకు తానే కాసే రకమైనా, వేరే రకం పుప్పొడి పడితే గింజలు పెరుగుతాయి, గింజలు పెరిగితే కాయ పెరుగుతుంది.

నేల సంగతి మాత్రం మూఢనమ్మకాల పుట్ట. పుల్లటి నేల, అంటే పీహెచ్ 4.5 నుంచి 5 దాకా కావాలనగానే కాఫీ పిప్పి పోసేవాళ్లున్నారు. వాడేసిన పిప్పి దాదాపు తటస్థంగా ఉంటుంది, పులుపంతా మనం తాగేశాం. పైన్ ఆకులు కప్పినా పీహెచ్ పెద్దగా దిగదు. వేసవికి వచ్చిన అత్తమామలు కరివేపాకుకు పోసినట్టు పుల్ల మజ్జిగ పోస్తామంటే వద్దని మెల్లగా చెప్పండి. నాటడానికి ఏడాది ముందు నేల పరీక్ష చేయించి గంధకం పొడి కలపాలి. దాన్ని ఆమ్లంగా మార్చేది మట్టిలోని బ్యాక్టీరియా, నేల వెచ్చగా ఉంటేనే అవి పనిచేస్తాయి. కాబట్టి ఈ వేసవిలో గంధకం, వచ్చే వసంతంలో మొక్క.