తొమ్మిదో సెక్షన్ తెచ్చిన తంటా

2023 జనవరి 5న గిజ్మోడో అనే అమెరికన్ వార్తా సైటు ఒక లైసెన్సు ముసాయిదా వివరాలు బయటపెట్టింది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట హక్కులున్న విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ తయారు చేసుకున్న కాగితమది. మూడు వారాలు తిరిగేసరికి, జనవరి 27న, సంస్థ ఆ ఆలోచనను పూర్తిగా వదులుకోవడమే కాదు, అంతకుముందు ఇచ్చిన దానికన్నా ఎక్కువే జనానికి రాసిచ్చింది. హాస్‌బ్రో లాంటి బొమ్మల దిగ్గజం చేతిలో ఉన్న సంస్థ ఇంతగా తలొగ్గడం అరుదు. దాని వెనక దాదాపు యాభై ఏళ్ళ కథ ఉంది.

ఆట తెలియనివారికి రెండు మాటలు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవారు తలా ఒక పాత్ర అవుతారు. ‘గోడ దూకుతాను’ అని ఒకరంటే, దూకగలిగారో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పడిన అంకెకు పాత్ర సత్తాను బట్టి రెండో మూడో కలుపుతారు. మొత్తం నిర్ణీత సంఖ్యను అందుకుంటే దూకినట్టు. కావలసిందల్లా నియమాల పుస్తకం, ఆడించడానికి కథలు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి రూపొందించిన ఈ ఆటను 1974లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊళ్ళో టీఎస్ఆర్ కంపెనీ వెయ్యి పెట్టెలతో మొదలుపెట్టింది.

చిక్కంతా నియమాల దగ్గరే. అమెరికా కాపీరైటు చట్టం ఆట ఆడే పద్ధతికి రక్షణ ఇవ్వదు. పద్దుల పుస్తకానికి కాపీరైటు ఉన్నంత మాత్రాన ఆ పద్దులు రాసే విధానం రచయిత సొత్తు కాదని 1879లోనే బేకర్ వర్సెస్ సెల్డెన్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. పాచిక వేసి అంకె కలపడమూ అంతే. కానీ ఆ పద్ధతిని వివరించిన వాక్యాలు, కల్పించిన రాక్షసులు, ప్రపంచాలు కాపీరైటు కిందికి వస్తాయి. రెండింటి మధ్య గీత ఎక్కడుందో కోర్టుకెక్కితే గాని తెలియదు, కోర్టుకెక్కే స్తోమత చిన్న ప్రచురణకర్తకు ఉండదు. టీఎస్ఆర్‌కు ఆ సంగతి బాగా తెలుసు. 1990లలో ఇంటర్నెట్‌లో సొంత కథలు పెట్టుకున్న అభిమానులకు కూడా హెచ్చరికలు పంపింది. ఆ మూడు ఇంగ్లీషు అక్షరాలకు ‘ఎప్పుడూ దావాలు వేసేవాళ్ళు’ అని అర్థం చెప్పుకుని ఆటగాళ్ళు నవ్వుకునేవారు.

1997 నాటికి అప్పుల్లో మునిగిన టీఎస్ఆర్‌ను, మ్యాజిక్ ద గ్యాదరింగ్ కార్డులతో డబ్బు చేసుకున్న విజార్డ్స్ కొనేసింది. రెండేళ్ళకు విజార్డ్స్‌ను హాస్‌బ్రో కొంది. అప్పుడు ఆట వ్యాపారం చూస్తున్న రయాన్ డాన్సీ లెక్క వేరు. కథల పుస్తకాల్లో మిగిలేది తక్కువ, లాభమంతా నియమాల పుస్తకంలోనే. ఆ కథలేవో ఇతరులు వేసుకుంటే, వాటిని ఆడాలనుకున్నవారు నియమాల కోసం మన దగ్గరికే వస్తారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం నుంచి స్ఫూర్తి తీసుకుని, 2000లో మూడో ఎడిషన్‌తో పాటు ఓపెన్ గేమ్ లైసెన్సు తెచ్చారు. ఆటగాళ్ళ నోట అది ఓజీఎల్.

తొమ్మిది వందల పదాలు కూడా లేని కాగితం. సంస్థ విడుదల చేసిన ప్రాథమిక నియమావళిని ఎవరైనా వాడుకోవచ్చు, రాయల్టీ లేదు, అనుమతి శాశ్వతం. కొన్నిటిని మాత్రం మినహాయించారు: గాల్లో తేలే గోళం లాంటి ఒంటికి ఒకే పెద్ద కన్ను, తల మీద కాడల చివర మరో పది కళ్ళు ఉండే బిహోల్డర్ లాంటి సొంత రాక్షసులను ముట్టుకోకూడదు. ఎవరి నుంచి ఏం తీసుకున్నారో పదిహేనో సెక్షన్‌లో వరుసగా రాయాలి. సమీక్షకు వచ్చిన ఆట పుస్తకంలో నేను ముందు తిరగేసేది ఆ చివరి పేజీనే. పుస్తకం వంశవృక్షమంతా అక్కడ చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ముందుమాటలో రచయిత ఎంత గొప్పగా చెప్పుకున్నా సరే.

నా దృష్టిలో ఓజీఎల్ ఇచ్చింది అనుమతి కన్నా అభయం. అది అనుమతించిన వాటిలో చాలా భాగాన్ని చట్టం ఎలాగూ కాదనదు. ‘దావా వేయం’ అన్న భరోసాయే దాని అసలు విలువ. ఆ భరోసా మీద వందలాది చిన్న ప్రచురణ సంస్థలు పుట్టాయి.

2008లో నాలుగో ఎడిషన్‌కు విజార్డ్స్ ఓజీఎల్‌ను పక్కనపెట్టి, కట్టుదిట్టమైన మరో లైసెన్సు తెచ్చింది. ఫలితం ఎదురు తన్నింది. అంతకుముందు దాకా ఈ ఆటకు అధికారిక పత్రికలు నడిపిన పైజో సంస్థ, పాత నియమాలనే ఓజీఎల్ కింద సవరించి 2009లో పాత్‌ఫైండర్ అనే సొంత ఆట విడుదల చేసి, అమ్మకాల్లో విజార్డ్స్‌కే పోటీగా నిలిచింది. 2014లో అయిదో ఎడిషన్ వచ్చింది, 2016లో దాని నియమావళితో ఓజీఎల్ మళ్ళీ గడప తొక్కింది.

ఆ తర్వాత ఆట దశ తిరిగింది. నటులు కూర్చుని ఆడుతుంటే లక్షల మంది చూసే కార్యక్రమాలు వచ్చాయి. వాటిలో ఒకటైన క్రిటికల్ రోల్ యానిమేషన్ కోసం 2019లో అభిమానులు కోటీ పది లక్షల డాలర్లకు పైగా చందాలిచ్చారు. ఇంత డబ్బు పక్కవాడి జేబులోకి పోతుంటే యజమాని కన్ను పడకుండా ఉంటుందా? 2022లో ఈ ఆట ఆడేవారి కోసం నడిచే డీఅండ్‌డీ బియాండ్ అనే ఆన్‌లైన్ సేవను హాస్‌బ్రో 14.63 కోట్ల డాలర్లకు కొంది. ఆటకున్న పేరుకు తగ్గ రాబడి రావడం లేదని అదే ఏడాది డిసెంబరులో పెట్టుబడిదారులకు చెప్పింది.

బయటికి పొక్కిన ముసాయిదా ప్రకారం ఏడాదికి ఏడున్నర లక్షల డాలర్లు దాటిన రాబడిలో 25 శాతం రాయల్టీ కట్టాలి. లాభంలో కాదు, రాబడిలో! అచ్చు, రవాణా, చిత్రకారుల ఖర్చులు పోగా అంత శాతం మిగిలేది ఎందరికి? అయినా ఆ మొత్తం దాటేవారు కొందరే. అందరికీ తగిలిన దెబ్బ వేరే ఉంది. పాత లైసెన్సులోని తొమ్మిదో సెక్షన్, ఆ లైసెన్సు అధీకృత కూర్పుల్లో దేన్నైనా వాడుకోవచ్చంటుంది. పాత కూర్పు ఇక అధీకృతం కాదని ముసాయిదా ప్రకటించింది. 2000 నాటి పత్రంలో ‘శాశ్వతం’ ఉంది కాని, రద్దు చేయడానికి వీల్లేదన్న ముక్క లేదు. అలా రద్దు చేసే అధికారం హాస్‌బ్రోకు లేదని డాన్సీ బహిరంగంగానే అన్నారు. వాదన ఎవరిదైనా, అభయం పోయింది.

ఆటగాళ్ళు డీఅండ్‌డీ బియాండ్ చందాలు రద్దు చేసుకోవడం మొదలుపెట్టారు. జనవరి 12న పైజో, ఏ ఒక్క సంస్థ అదుపులోనూ ఉండని లైసెన్సు తెస్తామని ప్రకటించింది. మర్నాడు విజార్డ్స్ ఇచ్చిన వివరణ ‘మీరూ గెలిచారు, మేమూ గెలిచాం’ అన్న ధోరణిలో సాగి, పుండు మీద కారం చల్లింది. ఆ తర్వాత పెట్టిన సవరించిన ముసాయిదాపై పదిహేను వేల మందికి పైగా అభిప్రాయాలు చెప్పారు. దాని కింద పుస్తకాలు వేయబోమని 88 శాతం తేల్చేశారు.

జనవరి 27న పాత ఓజీఎల్‌ను ముట్టుకోమని చెబుతూ, అయిదో ఎడిషన్ ప్రాథమిక నియమావళిని క్రియేటివ్ కామన్స్ కింద కూడా విడుదల చేశారు. తెలుగు వికీపీడియా వ్యాసాల అడుగున కనిపించే లైసెన్సుల కుటుంబమే అది. ఒకసారి ఇస్తే వెనక్కి తీసుకోవడం కుదరదు. మూడో ఎడిషన్ నాటి నియమావళి మాత్రం ఆ రోజు ఓజీఎల్ కిందే మిగిలిపోయింది. పైజో మళ్ళీ నమ్మే సాహసం చేయలేదు. 2023 నవంబరు నుంచి పాత్‌ఫైండర్ పుస్తకాలను తిరగరాసి, ఓజీఎల్ ద్వారా వచ్చిన డ్రౌ అనే కల్పిత జాతిని, పాత్రలను ధర్మ–అధర్మాలుగా విడదీసే పట్టికను తీసేసి, కొత్త లైసెన్సు కింద అమ్ముతోంది.