ఫారిన్ డీవీడీ కంప్యూటర్‌లో ప్లే కావట్లేదా? అపోహలు - వాస్తవాలు

బరంపురంలో కంప్యూటర్ రిపేర్ షాపు అంటే ఇప్పుడు ఎస్‌ఎస్‌డీ మార్చడం, విండోస్ వేయడం. ఇంకా డీవీడీలేంటి అనుకుంటారేమో. మా వైపు ఏ వీధిలో చూసినా గల్ఫ్‌లోనో సింగపూర్‌లోనో అమెరికాలోనో ఉండి వచ్చినవాళ్లు కనిపిస్తారు. వాళ్లు తెచ్చిన డిస్కులు బీరువాల్లో అలాగే పడున్నాయి. పర్లాకిమిడి నుంచీ, బోర్డర్ అవతల ఇచ్ఛాపురం నుంచీ కూడా పట్టుకొస్తారు. అందరి మాటా ఒకటే: "ఫారిన్‌ది కదా, లాక్ ఉంటుందట, తీసేయండి."

అపోహ: విదేశీ డిస్కు అంటే లాక్ ఉన్నట్టే.

వాస్తవం: లాక్ ఉండేది కంపెనీలు అచ్చేసి అమ్మిన సినిమా డిస్కులకే, వాటిలోనూ అన్నింటికీ కాదు. అట్ట వెనక చిన్న గ్లోబు బొమ్మ, దాంట్లో ఒక అంకె ఉంటాయి. ఆ అంకెనే రీజియన్ అంటారు. డ్రైవ్‌లో పెట్టిన రీజియన్‌తో అది కలవకపోతే డిస్కు ఆడకపోవచ్చు, లాక్ అంటే ఇదే. 1 అంటే అమెరికా, కెనడా. 2 అంటే యూరప్, జపాన్, గల్ఫ్ దేశాలు. సింగపూర్ వైపు 3, ఆస్ట్రేలియాకీ లాటిన్ అమెరికాకీ 4, చైనాకి 6. మనది 5, రష్యా కూడా మనతోనే. 'ఆల్' అనో 0 అనో ఉంటే ఏ గొడవా లేదు. ఇంట్లో రైట్ చేసిన పెళ్లి డిస్కుకీ, వీసీడీకీ రీజియన్ అనేదే ఉండదు. పెళ్లి డిస్కు తెరుచుకోలేదంటే గీతలైనా పడి ఉండాలి, రైట్ చేసినవాళ్లు ఫైనలైజ్ (వేరే ప్లేయర్లూ చదివేలా డిస్కును ముగించడం) చేయకుండానైనా ఇచ్చి ఉండాలి.

అపోహ: డిస్కు వేసినా బొమ్మ రాలేదంటే రీజియన్ తేడానే.

వాస్తవం: నేను రీజియన్ దాకా వెళ్లేది అన్నిటికంటే చివర. ఆమధ్య ఒక రిటైర్డ్ మాస్టారు డిస్కు, బయట తగిలించే యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్‌తో సహా వచ్చారు. "బాబూ, మా అమ్మాయి అమెరికా నుంచి తెచ్చింది. ఇది ఇండియాలో నడవదట కదా?" డిస్కు వేశాం. కాసేపు తిరిగింది, టక్ టక్‌మంది, ఆగిపోయింది. మళ్లీ తిరిగింది, మళ్లీ ఆగింది. "మాస్టారూ, ముందు దీనికి కరెంటు చాలుతోందో లేదో చూద్దాం" అని వైరు తీసి సీపీయూ వెనక పోర్టుకి పెట్టాను. టక్ టక్ పోయింది. ముందు వైపు పోర్టులు చాలాసార్లు ఈ డ్రైవ్‌లను లాగలేవు. రెండు పిన్నుల కేబుల్ ఇచ్చారంటే రెండూ గుచ్చాలి, ఒకటి ఊరికే వేలాడదీయడానికి కాదు.

డిస్కు చదివింది కానీ, ఏ యాప్‌తో తెరవాలి అని విండోస్ అడిగింది. ఇదీ రీజియన్ కాదు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి డీవీడీ సినిమా ప్లే చేసే ఏర్పాటు మామూలుగా విండోస్‌తో రావట్లేదు. వీఎల్‌సీ అనే ఉచిత వీడియో ప్లేయర్ వేశాక మాస్టారి సినిమా మొదలైంది. అట్ట తిప్పి చూస్తే గ్లోబులో 'ఆల్' అని ఉంది!

అపోహ: రీజియన్ ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. మరీ అయితే విండోస్ మళ్లీ వేయిస్తే సరి.

వాస్తవం: అన్నిట్లోకీ నష్టం చేసేది ఈ అపోహే. 2000 నుంచి వచ్చిన కంప్యూటర్ డ్రైవ్‌లలో రీజియన్ లెక్క డ్రైవ్ లోపలే, దాన్ని నడిపే ప్రోగ్రామ్ అయిన ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది. మనకిచ్చే మార్పులు ఐదే. విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో డీవీడీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే 'డీవీడీ రీజియన్' ట్యాబ్ వస్తుంది. ఇంకా ఎన్ని మార్పులు మిగిలాయో అక్కడే రాసి ఉంటుంది. ఈవేళ అమెరికా డిస్కు కోసం 1, రేపు హిందీ డిస్కు కోసం 5 అని మార్చుకుంటూ పోతే వారం తిరక్కుండానే సున్నా. ఫార్మాట్ కొట్టినా, డ్రైవ్ ఊడదీసి వేరే కంప్యూటర్‌లో పెట్టినా ఆ లెక్క మారదు. అలాగని డ్రైవ్ పాడైపోయినట్టూ కాదు. చివర పెట్టిన రీజియన్ దగ్గర ఆగిపోతుంది, అంతే. డేటా డిస్కులు, ఇంట్లో రైట్ చేసినవి మామూలుగానే చదువుతుంది.

ఇంటర్నెట్‌లో దొరికే మార్చిన ఫర్మ్‌వేర్ వేసి లెక్క ఎత్తేయమని అడిగే కుర్రాళ్లున్నారు. మోడల్ నంబర్‌లో చిన్న తేడా ఉన్నా డ్రైవ్ చచ్చిపోతుంది. నేనైతే చెయ్యను. విదేశీ డిస్కులు నిజంగా ఎక్కువుంటే ఇంకో యూఎస్‌బీ డ్రైవ్ కొని దాన్ని ఆ రీజియన్‌కే వదిలేయమంటాను.

అపోహ: వీఎల్‌సీ ఉంటే ఏ డిస్కైనా ఆడి తీరాలి.

వాస్తవం: వీఎల్‌సీ రీజియన్ అంకెను పట్టించుకోదు, డిస్కు తాళాన్ని కూడా సొంతంగా విప్పుకుంటుంది. అయితే కాపలా ఉన్నది డ్రైవ్ దగ్గర. కొన్ని డ్రైవ్‌లు రీజియన్ కలవకపోయినా డేటా ఇస్తాయి, కొన్ని ససేమిరా అంటాయి. అందుకే అదే డిస్కు, అదే వీఎల్‌సీ, మీ బావగారి లాప్‌టాప్‌లో నడిచి మీ దాంట్లో మొరాయిస్తుంది. కాబట్టి ముందు వీఎల్‌సీతో చూడండి, రీజియన్ జోలికి తర్వాత వెళ్లొచ్చు.

అపోహ: అమెరికా డిస్కు ఎన్‌టీఎస్‌సీ, మనది పాల్, కాబట్టి నడవదు.

వాస్తవం: ఎన్‌టీఎస్‌సీ, పాల్ అనేవి రెండు టీవీ పద్ధతులు. అది పాత టీవీల బాధ. కంప్యూటర్ రెండూ చూపిస్తుంది.

అపోహ: విదేశీ డిస్కు చూస్తే కేసు పెడతారు.

వాస్తవం: కొన్న డిస్కును ఇంట్లో చూసుకోడానికి టెన్షన్ పడక్కర్లేదు. 2012లో కాపీరైట్ చట్టంలో చేర్చిన 65ఏ సెక్షన్, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం విరగ్గొట్టేవాళ్ల గురించి. దానికి రెండేళ్ల దాకా జైలు, జరిమానా. లాక్ తీసి కాపీలు చేసిపెట్టమని వచ్చేవాళ్లను గుమ్మం దగ్గరే పంపేస్తాను.

బ్లూ-రే సంగతి వేరే. అట్ట మీద ఏ, బీ, సీ అని అక్షరాలుంటాయి, మనది సీ. అయినా ఆ డిస్కు తెచ్చి మామూలు డీవీడీ డ్రైవ్‌లో పెట్టి రీజియన్ మార్చమంటే నేనేం చేయను? దాన్ని చదవడానికి వేరే లేజర్ కావాలి. డ్రైవే మార్చాలి.