ఊకలో ఐసు, పెంకు కింద తడి

పాలకొల్లు దగ్గర ఒక ఊరి నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. తాతగారి నాటి పెంకుటిల్లు. రెండేళ్ల కిందట ఒక గదికి ఏసీ పెట్టించారు. చల్లదనం అటక మీదికి పోకుండా జిప్సం బోర్డుతో సీలింగ్ కొట్టించి, దాని మీద థర్మోకోల్ పలకలు పరిపించారు. మొదటి వేసవి హాయిగా గడిచింది. తొలకరి పడ్డాక సీలింగ్ మీద నల్లమచ్చలు మొదలయ్యాయి. పెంకులు కారుతున్నాయనుకుని మనిషిని ఎక్కించి, పగిలినవన్నీ మార్పించారు. అయినా మచ్చలు ఆగలేదు. "మాస్టారూ, వాన లేని రోజు కూడా సీలింగ్ తడిగానే ఉంటోంది. ఈ నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? వేసిందంతా పీకించెయ్యమంటారా?" అని అడిగారు.

పీకించొద్దు. కానీ ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చెప్పాలంటే ముందు ఐసు గడ్డ దగ్గరికి వెళ్లాలి.

మా చిన్నతనంలో చేపల రేవు దగ్గర ఐసు దిమ్మల మీద ఊక పోసి, పైన గోనెపట్టాలు కప్పి ఉంచేవారు. పక్కనే రైసు మిల్లు, ఊకకి కొదవ లేదు. పొద్దున దింపిన దిమ్మ సాయంత్రానికి కూడా దిమ్మలాగే ఉండేది. నేను బళ్లో చెప్పేటప్పుడు ఏటా పిల్లల్ని ఒక ప్రశ్న అడుగుతాను: ఐసు ముక్కకి రగ్గు చుడితే తొందరగా కరుగుతుందా, ఆలస్యంగా కరుగుతుందా? తరగతిలో సగానికి పైగా 'తొందరగా' అంటారు. రగ్గు వెచ్చగా ఉంటుంది కదా అని వాళ్ల లెక్క. రగ్గు వేడిని పుట్టించదని, ఉన్న వేడిని దాటనివ్వదని నోటితో చెబితే ఎక్కదు. రెండు ముక్కలు తెచ్చి, ఒకదానికి శాలువా చుట్టి బల్ల మీద పెడితే గంటలో ఎక్కేస్తుంది. పాఠ్యపుస్తకంలో 'ఉష్ణబంధకం' అన్న మాటకి నిర్వచనం ఉంటుంది గానీ ఈ ఐసు ముక్క ఉండదు. అది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఊకలో ఏముంది? ఒక్కొక్క ఊకపొట్టు చిన్న పడవలా ఉంటుంది. పడవ మీద పడవ అడ్డదిడ్డంగా పడితే మధ్యలో వేలకొద్దీ చిన్న గదులు, ఆ గదుల నిండా గాలి. వేడిని ఆపేది ఊక కాదు, ఆ గాలి. మీటరు మందం, చదరపు మీటరు వైశాల్యం ఉన్న దిమ్మకి అటూ ఇటూ ఒక డిగ్రీ తేడా ఉంటే ఎన్ని వాట్ల వేడి దాటుతుందో కొలుస్తారు. కదలని గాలికి ఆ అంకె 0.026. నీళ్లకి 0.6. ఇటుక గోడకి 0.7 దాకా. స్లాబు కాంక్రీటుకి 1.6 పైమాటే. వదులుగా పోసిన ఊకకి సుమారు 0.05, థర్మోకోల్‌కి 0.035. ఇలాంటి సరుకు ఏది తీసుకున్నా చాలావరకు గాలే. గాలిని కదలకుండా బంధించడానికి ఒకరు ఊక వాడతారు, ఒకరు గాజు ఉన్ని వాడతారు, ఒకరు నురగ వాడతారు. మన తాటాకిళ్లు చేసిందీ అదే. మూరెడు మందం కప్పులో ఆకు తక్కువ, ఆకుల మధ్య గాలి ఎక్కువ.

చిన్న లెక్క చూడండి. బయట 33 డిగ్రీలు, ఐసు సున్నా. పది సెంటీమీటర్ల ఊక కప్పితే చదరపు మీటరుకి 16 వాట్ల చొప్పున వేడి లోపలికి పోతుంది. అంటే రోజుకి నాలుగు కిలోల పైచిలుకు ఐసు కరుగుతుంది. ఏమీ కప్పకపోతే గాలి, చుట్టూ ఉన్న వస్తువుల వేడి కలిసి 330 వాట్ల దాకా దూరుతుంది. అప్పుడు 80 కిలోల పైన కరిగిపోతుంది. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే అమెరికన్ వ్యాపారి బోస్టన్ నుంచి కలకత్తాకి ఓడలో ఐసు పంపించాడు. కప్పింది రంపపు పొట్టు లాంటి సరుకే. బయల్దేరింది దాదాపు 180 టన్నులు. నాలుగు నెలలు, రెండుసార్లు భూమధ్యరేఖ దాటి వచ్చాక కూడా దాదాపు వంద టన్నులు మిగిలింది. మద్రాసు సముద్రతీరంలో ఇప్పటికీ ఐస్ హౌస్ అని పిలిచే కట్టడం ఆయన ఐసు దాచడానికి 1842లో కట్టినదే.

ఇక ఊకలో రెండో పాఠం. మన పాఠకుడి సీలింగ్‌కి కావలసింది ఇదే. దిమ్మ కింద ఉన్న ఊక తడిసి ముద్దయిపోతుంది. తెలిసినవాళ్లు ఆ తడి ఊకని లాగేసి పొడి ఊక పోస్తారు, కరిగిన నీళ్లు పోవడానికి దారి ఉంచుతారు. ఎందుకు? గాలి ఉన్న గదుల్లోకి నీళ్లు చేరాయి. నీళ్లు గాలికంటే 23 రెట్లు బాగా వేడిని దాటనిస్తాయి. తడిసిన ఊక ఇక దుప్పటి కాదు. ఇన్సులేషన్ అంటే కదలని గాలి అనుకున్నాం కదా, దానికి ఇంకో మాట చేర్చాలి: కదలని, పొడిగా ఉన్న గాలి. అనంతపురంలో ఈ రెండో మాట మరిచిపోయినా పెద్దగా నష్టం లేదు. గోదావరి డెల్టాలో మరిచిపోతే సీలింగ్ నల్లబడుతుంది.

మన గాలిలో ఎన్ని నీళ్లున్నాయో చూద్దాం. జూలైలో ఒక మామూలు మధ్యాహ్నం అనుకోండి. 33 డిగ్రీల వేడి, 75 శాతం తేమ. ప్రతి ఘనమీటరు గాలిలో దాదాపు 27 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఆ గాలిని 28 డిగ్రీలకి చల్లారిస్తే చాలు, చెమట పట్టడం మొదలవుతుంది. 24 డిగ్రీల దగ్గర గాలి మోయగలిగింది 22 గ్రాములే. అంటే మన అటక మీది గాలి ఒక్క ఘనమీటరు వచ్చి 24 డిగ్రీల సీలింగ్ బోర్డుకి తగిలితే అయిదు గ్రాములు, ఒక చెంచాడు నీళ్లు అక్కడే వదిలేసి పోతుంది. థర్మోకోల్ పలకకీ పలకకీ మధ్య సందులున్నాయి. పలక అంచుకీ గోడకీ మధ్య సందుంది. ఆ సందుల్లోంచి గాలి దిగుతుంది, బోర్డు వీపు మీద చెమట పడుతుంది, పై గాలి మళ్లీ దిగుతుంది. ఏసీ నడిచినంతసేపూ ఇదే పని. ఆ ఇంట్లో పెంకులు కారలేదు. కారింది గాలి.

చల్లటి మజ్జిగ గ్లాసు బయట పట్టే చెమటా ఇదే. ఏసీ రాగి గొట్టం మీద నల్ల స్పాంజి తొడుగు చిరిగినచోట మాత్రమే నీళ్లు బొట్లు బొట్లుగా పడటం మీరు చూసే ఉంటారు. ఆ తొడుగులోని బుడగలు ఒకదానికొకటి దారి లేకుండా మూసుకుని ఉంటాయి, అందుకే ఆవిరి దూరలేదు. చిరుగు పడితే అక్కడితో సరి.

ఇక్కడే ఒక పెద్ద పొరపాటు జరుగుతోంది. స్వీడన్‌లోనో కెనడాలోనో ఇంటికి ఇన్సులేషన్ వేసే వీడియోలు చూసి, వాళ్లలాగే గది వైపున పాలిథిన్ షీటు కొట్టించుకుంటున్నారు. వాళ్ల చలికాలంలో వెచ్చటి తడిగాలి ఇంట్లో ఉంటుంది, ఎముకలు కొరికే పొడిగాలి బయట ఉంటుంది. ఆవిరి లోపలి నుంచి బయటికి పోతుంది కాబట్టి అడ్డు లోపల కట్టాలి. మనకి సరిగ్గా తిరగబడుతుంది. బయటి గాలిలో ఆవిరి ఒత్తిడి 3.8 కిలోపాస్కళ్లు. ఏసీ గదిలో 24 డిగ్రీల దగ్గర, 55 శాతం తేమతో 1.6. ఆవిరి బయటి నుంచి లోపలికి నెట్టుకొస్తుంది. అడ్డు బయటి వైపు, అంటే వేడి వైపు ఉండాలి. లోపలి వైపు కడితే ఆవిరి ఇన్సులేషన్ అంతా దాటి వచ్చి ఆ షీటు వెనక చిక్కుకుపోతుంది. గదికి వినైల్ వాల్‌పేపరు అంటించినా అదే జరుగుతుంది.

ఇది మన ప్రాంతానికి కొత్త సంగతేమీ కాదు. రొయ్యల ప్లాంట్లలో మైనస్ 18 డిగ్రీల కోల్డ్ స్టోరేజీ గదులు కట్టే మెకానిక్కులకి ఇది వెన్నతో పెట్టిన విద్య. పఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య నురగ నింపిన పలక) అతుకుల్లో బయటి వైపు సీలెంటు ఎక్కడా తెగకుండా పూస్తారు. మైనస్ 18 దగ్గర ఆవిరి ఒత్తిడి దాదాపు లేనట్టే, అందుకని బయటి తేమంతా లోపలికే పరిగెడుతుంది. ఒక్క అతుకు వదిలినా ప్యానెల్ లోపల నీళ్లు చేరి గడ్డకడతాయి, మంచు గాలికంటే 80 రెట్లు వేడిని దాటనిస్తుంది, ప్యానెల్ ఉబ్బి పాడైపోతుంది. ఆ మెకానిక్కు తన ఇంటి ఏసీ గదికీ ఇదే పద్ధతి వాడితే చాలు.

ఇంతకీ ఆ పెంకుటింటికి అసలు వేడి ఎలా దిగుతోంది? పైన వేడిగా, కింద చల్లగా ఉన్నప్పుడు వేడిగాలి పైనే ఉండిపోతుంది, కిందికి దిగదు. కాబట్టి మధ్యాహ్నం పెంకు నుంచి సీలింగ్‌కి వేడి వచ్చేది చాలావరకు వికిరణంగానే. పెంకు అడుగు 55 డిగ్రీలు, సీలింగ్ పైభాగం 35 అనుకుంటే చదరపు మీటరుకి దాదాపు 120 వాట్లు. వాసాల కింద, మెరిసే వైపు కిందికి ఉండేలా అల్యూమినియం ఫాయిల్ షీటు కొట్టిస్తే అది 7 వాట్లకి పడిపోతుంది. ఫాయిల్ కూడా వేడెక్కుతుంది, కానీ మెరిసే ఉపరితలం వేడిని విసరడంలో మహా పిసినారి. రెండు జాగ్రత్తలు: ఫాయిల్ కింద ఖాళీ జాగా ఉండి తీరాలి, థర్మోకోల్‌కి అంటించేస్తే ఏ లాభమూ లేదు. మెరిసే వైపు పైకి పెడితే ఏడాదిలో దుమ్ము పట్టి మామూలు అట్ట అయిపోతుంది.

డాబాల సంగతి వేరు. 12 సెంటీమీటర్ల స్లాబు వేడిని ఆపదు, దాస్తుంది. ఒక్క డిగ్రీ చల్లారాలంటే చదరపు మీటరుకి 250 కిలోజౌళ్లు వదలాలి. వంద చదరపు మీటర్ల డాబా సాయంత్రం నుంచి తెల్లారేలోగా పది డిగ్రీలు చల్లారిందంటే 250 మెగాజౌళ్లు, కరెంటు లెక్కలో 70 యూనిట్లు. కిలోవాటు ఇస్త్రీపెట్టె 70 గంటలు పెట్టినంత వేడి. అందులో కొంత ఆకాశానికి పోతుంది, మిగతాది మంచం మీద పడుకున్న మన మీదికి దిగుతుంది. రోహిణి కార్తెలో రాత్రి పదింటికి కూడా ఫ్యాను వేడిగాలి కొట్టడానికి కారణం ఇదే. అందుకే నేను డాబాకి ఫాల్స్ సీలింగ్ కంటే పైన వేసే ఇన్సులేషన్‌నే ఇష్టపడతాను. ఎండని స్లాబు దాకా రానివ్వకపోతే దాచుకోవడానికి వేడే ఉండదు.

ఎంత మందం వెయ్యాలి? ఊరికే ఉన్న స్లాబు నుంచి ప్రతి డిగ్రీ తేడాకీ చదరపు మీటరుకి సుమారు 3.3 వాట్లు దిగుతాయి. 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ బోర్డు (థర్మోకోల్‌కి గట్టి అన్న లాంటిది, నీళ్లు తాగదు) వేస్తే 0.9. 50 వేస్తే 0.5. 75కి 0.36. వందకి 0.28. మొదటి అంగుళమే పనిలో మూడొంతుల దాకా చేసేస్తుంది. ఇళ్లకి 2018లో కేంద్ర విద్యుత్ శాఖ తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నియమావళిలో కప్పుకి పరిమితి 1.2గా పెట్టారు, కాబట్టి ఒక అంగుళం చాలు. ఈసీబీసీ 2017 (వాణిజ్య భవనాల ఇంధన పొదుపు నియమావళి) చాలా రకాల వాణిజ్య భవనాలకి 0.33 అడిగింది, దానికి 80 మిల్లీమీటర్ల పైన కావాలి. పగలంతా ఏసీ నడిచే బట్టల షాపుకీ, రాత్రి మాత్రమే వేసుకునే ఇంటికీ ఆ తేడా సబబే. ఆ 50 మిల్లీమీటర్ల బోర్డు చేసే పని కాంక్రీటుతో చెయ్యాలంటే తొమ్మిదడుగుల మందం స్లాబు పొయ్యాలి.

పాత డాబా మీద ఏది వేసేముందైనా స్లాబు అడుగు చూసుకోండి. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఊచలు తుప్పుపట్టి పెచ్చులు రాలుతుంటాయి. బోర్డు బరువు ఏమీ కాదు, కానీ దాని మీద వేసే రెండంగుళాల సిమెంటు పొర చదరపు మీటరుకి వంద కిలోలు దాటుతుంది. ఆ బరువు వద్దని బోర్డుని వదులుగా పరిచి ఊరుకోవడం ఇంకా ప్రమాదం. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి కోనసీమలో గాలి ఎలా వీచిందో చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఇక తెల్ల కూల్ రూఫ్ పెయింటు చవకే, మంచిదే, కానీ మన వానలకి రెండేళ్లలో నాచు పట్టి నల్లబడుతుంది. ఏటా వేసవికి ముందు కడిగే ఓపిక ఉంటేనే వేయించుకోండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, వాటికి డ్రిల్లు పెట్టొద్దు, కొయ్యొద్దు. ఊక చవక కదా అని అటక మీద పొయ్యొద్దు. ఎలుకలు చేరతాయి, నిప్పు అంటుకుంటే ఆపలేం.

రేకుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. రాత్రి పూట ఇనుప రేకుల మీద టక్ టక్ మని చప్పుడైతే దెయ్యం నడుస్తోందని పిల్లల్ని భయపెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆరు మీటర్ల ఇనుప రేకు 30 డిగ్రీలు చల్లారితే రెండు మిల్లీమీటర్లకి పైగా కుదించుకుపోతుంది. మేకులు పట్టి ఉంచుతాయి కాబట్టి ఒక్కసారిగా జారదు, ఆగి ఆగి జారుతుంది. అదే ఆ నడక. పిల్లలకి థర్మామీటరు ఇచ్చి, చప్పుడు మొదలయ్యే వేళకి రేకు ఎంత చల్లారిందో రాయమనండి. నాలుగు రోజుల్లో భయం పోయి, ఎప్పుడు మోగుతుందో వాళ్లే ముందుగా చెబుతారు.

పాలకొల్లు పాఠకుడికి ఇలా రాశాను. బూజు పట్టిన బోర్డులు మార్పించండి, థర్మోకోల్ అలాగే ఉంచండి. ఇంకో వరస పరిపించండి, కింది వరస అతుకుల మీద పై వరస పలక మధ్యభాగం పడాలి. ఆ పైన, అంటే అటక వైపు, మందపాటి పాలిథిన్ షీటు ఒకటే పట్టాగా పరిచి, అతుకులూ గోడ అంచులూ టేపుతో మూయించండి. ఫ్యాను కొక్కెం, లైటు వైరు దిగే కన్నాలు అసలే మరవొద్దు, గాలి ఎక్కువగా దిగేది అక్కణ్ణుంచే. గది వైపు మామూలు రంగు చాలు, ఆయిల్ పెయింటు వద్దు. అటకకి మాత్రం గాలి ఆడాలి, రెండు వాలులూ కలిసేచోట సందు మూయొద్దు. వాసాల కింద ఫాయిల్ కొట్టించండి. ఏసీ 26 మీద పెట్టండి. వచ్చే జూలైలో వాన లేని ఒక మధ్యాహ్నం నిచ్చెనేసుకుని అటకెక్కి, ఒక మూల షీటు లేపి పలక కింద చెయ్యి పెట్టి చూడండి. చేతికి తడి తగిలితే ఎక్కడో సందు మిగిలిందన్నమాట. ఫోటో తీసి పంపండి, ఎక్కడుందో కలిసి వెతుకుదాం.