కోపం పాపమా? సంఘంలో నేను తరచూ వినే అపోహలు, వాస్తవాలు

గుంటూరు దగ్గర ఒక క్రైస్తవ సంఘానికి పదిహేడేళ్లుగా కాపరిగా, అంటే పాస్టరుగా ఉన్నాను. మాకు నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే యేసు మరణాన్ని గుర్తు చేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం. ఆ రోజు ఎవరు బల్ల తీసుకోకుండా తల వంచుకుని కూర్చున్నారో చూస్తే, ఏ ఇంట్లో గొడవ నడుస్తోందో తెలిసిపోతుంది. ఆరాధన అయ్యాక పలకరిస్తే చాలామంది చెప్పే మాట ఒకటే: "కోపం వచ్చిందయ్యగారూ, పాపం చేశాను."

అపోహ: కోపం రావడమే పాపం.

వాస్తవం: "కోపపడుడి గాని పాపము చేయకుడి" అని బైబిల్లో పౌలు రాసిన ఎఫెసీ పత్రిక 4:26లో ఉంది. అదే అధ్యాయం 31వ వచనంలో కోపాన్నీ క్రోధాన్నీ విసర్జించమని కూడా ఉంది. రెండూ కలిపి చదివితే నాకు అర్థమయ్యేది ఇది: కోపం వస్తుంది, దాన్ని ఇంట్లో కాపురం పెట్టనివ్వకూడదు. ఊచచెయ్యి గలవాణ్ని బాగుచేసిన రోజు యేసు ప్రభువు కోపంతో చుట్టూ చూశాడని మార్కు 3:5 చెబుతుంది. ఆ వచనంలోనే ఆయన దుఃఖపడ్డాడని కూడా ఉంది. మన కోపంలో ఎదుటివాడి కోసం దుఃఖం ఉందా అన్నది చూసుకోవాలి.

ఆదాము కొడుకు కయీను ముఖం చిన్నబుచ్చుకున్నప్పుడు దేవుడు ముందు తిట్టలేదు, "నీకు కోపమేల?" అని అడిగాడు. నేనూ అదే అడుగుతాను. కోపం గురించి మాట్లాడటానికి వచ్చిన మగవాళ్లు ఆ ప్రశ్న అడిగాక చాలాసార్లు అప్పుల గురించి మాట్లాడతారు.

అపోహ: దీర్ఘశాంతం అంటే నోరు మూసుకుని పడి ఉండటం.

వాస్తవం: హెబ్రీ భాషలో ముక్కుకూ కోపానికీ ఒకటే మాట, 'అఫ్'. మనం 'ముక్కు మీద కోపం' అనడం లేదూ, అలాగే. నిర్గమ 34:6లో దేవుణ్ని దీర్ఘశాంతము గలవాడని చెప్పే చోట మూలంలో 'పొడవైన ముక్కు గలవాడు' అనే అర్థం వస్తుంది. అంటే కోపం రావడానికి చాలాసేపు పడుతుందని. అసలు రాదని కాదు, మాట్లాడడని అంతకన్నా కాదు. 'అన్న' అనే యూదుల యాజకుడి ముందు విచారణలో బంట్రౌతు చెంపమీద కొట్టినప్పుడు ప్రభువు తిరిగి కొట్టలేదు. అలాగని ఊరుకోలేదు కూడా. నేను తప్పు మాట్లాడితే ఆ తప్పేదో చెప్పు, మంచే మాట్లాడితే నన్నెందుకు కొడుతున్నావు అని అడిగాడు (యోహాను 18:23).

అపోహ: భర్త కోపిష్టి అయితే భార్య ప్రార్థనతో భరించాలి.

వాస్తవం: ఈ మాట సంఘాల్లో చేసిన నష్టం ఇంతా అంతా కాదు. నేనూ అందులో ఉన్నాను. సేవ మొదలుపెట్టిన కొత్తలో ఒక చెల్లెమ్మ ఏడుస్తూ వస్తే ప్రార్థన చేసి, "సర్దుకుపో అమ్మా" అని ఇంటికి పంపాను. పై వారం చేతికి కట్టుతో వచ్చింది. ఆ కట్టు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

"ఆయనకు కోపం వస్తే ఒళ్లు తెలియదండీ" అంటారు. పై అధికారి మీద వచ్చినప్పుడు ఒళ్లు తెలుస్తోంది, పాస్టరు ముందు తెలుస్తోంది, ఇంట్లో ఆడవాళ్ల మీదే తెలియకుండా పోతోందా? అది అదుపు తప్పిన కోపం కాదు, ఎంచుకున్న చోట చూపిస్తున్న కోపం. ఇప్పుడు నేను చేసేది వేరు. ముందు ఆమె, పిల్లలు భద్రంగా ఉండాలి. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు ఇస్తాను. గృహహింస నుంచి రక్షణకు 2005 చట్టం ఉందని చెబుతాను. భర్తతో విడిగా కూర్చుంటాను. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టను, ఎందుకంటే నా ముందు ఆమె చెప్పిన నిజానికి ఇంటికెళ్లాక దెబ్బలు తినాల్సి వస్తుంది. క్షమించడం వేరు, తిరిగి అదే ఇంట్లోకి వెళ్లడం వేరు.

అపోహ: లోపలున్నదంతా కక్కేస్తే కోపం తగ్గుతుంది.

వాస్తవం: తగ్గదు. 2024లో వచ్చిన ఒక పరిశోధన 154 అధ్యయనాలను కలిపి చూసింది. అరవడం, వస్తువులు బాదడం లాంటివి కోపాన్ని తగ్గించవనీ, ఒంటిని నెమ్మదింపజేసే పనులే తగ్గిస్తాయనీ తేల్చింది. బుద్ధిహీనుడు తన కోపమంతా చూపిస్తాడు, జ్ఞానం గలవాడు అణచుకుంటాడు అనే సామెతలు 29:11 చదివినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు.

అపోహ: సూర్యుడు అస్తమించేలోగా గొడవ తేల్చుకోవాలి.

వాస్తవం: సూర్యుడు అస్తమించేవరకు కోపం నిలిచి ఉండకూడదని ఎఫెసీ 4:26 చివర ఉంది. ఈ వచనం పట్టుకుని రాత్రి ఒంటిగంట దాకా పోట్లాడుకునే దంపతుల్ని చూశాను. ఆ వచనం మొదట్లో పౌలు ఎత్తి రాసిన "కోపపడుడి గాని పాపము చేయకుడి" అన్న మాట నాలుగో కీర్తనలోది. మన తెలుగు కీర్తనల్లో అక్కడ "భయమునొంది" అని ఉంటుంది, పాత గ్రీకు అనువాదంలో "కోపపడుడి" అని ఉంది. ఆ కీర్తన వచనంలో తర్వాత వచ్చేది, పడకల మీద ఉండగా హృదయంలో ధ్యానం చేసుకుని ఊరకుండమని. వాదించమని కాదు.

ఇంకొకటి. "దేవాలయంలో వ్యాపారుల మీద యేసు కొరడా పట్టలేదా?" అని అడిగేవాళ్లు మార్కు 11:11 చూడాలి. ఆయన సాయంత్రం దేవాలయంలోకి వెళ్లి, అంతా చుట్టూ చూసి, బేతనియ ఊరికి వెళ్లిపోయాడు. వ్యాపారుల బల్లలు పడద్రోసింది మర్నాడు. మధ్యలో ఒక రాత్రి ఉంది.

అందుకే దంపతులకు ఇలా చెబుతాను: రాత్రికి గొడవ తేలకపోయినా ఫర్వాలేదు, అన్నం కలిసి తినండి. "రేపు పొద్దున టీ తాగాక మాట్లాడుకుందాం" అని టైం చెప్పుకుని పడుకోండి. ఆ టైం మాత్రం దాటెయ్యొద్దు.

అపోహ: అది కోపపు దయ్యం, తలమీద చేతులుంచి ప్రార్థిస్తే పోతుంది.

వాస్తవం: నేను ప్రార్థిస్తాను. కానీ "అపవాదికి (అంటే సాతానుకు) చోటియ్యకుడి" అన్నాక తలుపు మన చేతిలో ఉన్నట్టే కదా. నిద్ర లేకపోవడం, తాగుడు, బయటికి కనిపించని డిప్రెషన్ కూడా చిరాకుగా బయటపడతాయి. డాక్టరును కలవమంటాను, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయమంటాను. అది విశ్వాసం తగ్గడం కాదు.

అపోహ: మనస్పర్థ ఉంటే బల్ల మానేస్తే సరిపోతుంది.

వాస్తవం: మత్తయి 5:24 అర్పణాన్ని అక్కడే వదిలి, వెళ్లి సహోదరునితో సమాధానపడి, మళ్లీ రమ్మంటుంది. మనవాళ్లు వదిలేయడం దగ్గరే ఆగిపోతారు. అందుకని బల్లకు ముందు వారమే నేను ఇళ్లకు వెళ్తాను. పొలం గట్టు దగ్గర మొదలైన తగాదాతో ఇద్దరు అన్నదమ్ములు మాటలు మానేశారు. ఆరు నెలలు తిరిగాక తమ్ముడు అన్న గుమ్మం ఎక్కాడు, ఆ నెల బల్ల తీసుకున్నాడు. అన్న ఇంకా వెనక వరుసలోనే తల వంచుకుని కూర్చుంటున్నాడు. ఈ శనివారం మళ్లీ వాళ్లింటికి వెళ్తున్నాను.