రాస్ చేపల్లో మగదేది, ఆడదేది? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

ఉప్పునీటి ట్యాంక్ కొత్తగా పెట్టుకున్నవాళ్లు నాకు పంపే ఫొటోల్లో సగం రాస్ (wrasse) అనే రంగురంగుల సముద్రపు చేపలవే. ప్రశ్న కూడా ఒకటే: ‘ఇది మగా, ఆడా?’ నేను తిరిగి మూడు అడుగుతాను. ఏ జాతి? ఎంత పొడవు? దాని జాతిది ట్యాంక్‌లో ఇంకొకటి ఉందా? ఈ మూడూ తెలియకుండా ఫొటో చూసి చెప్పడం చిలక జోస్యం.

అపోహ: మగ, ఆడ పుట్టుకతోనే తేలిపోతుంది.

రాస్ కుటుంబంలో 500కు పైగా జాతులున్నాయి. వాటిలో చాలావరకు ఆడగా మొదలై, పెద్దయ్యాక మగగా మారతాయి. గుంపులోని మగది పోతే సాధారణంగా పెద్ద ఆడది ఆ స్థానంలోకి వస్తుంది. క్లీనర్ రాస్ అనే జాతి మీద రాబర్ట్‌సన్ అనే శాస్త్రవేత్త 1972లో ప్రచురించిన పరిశోధన ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. మగచేప లేకుండా పోయిన గంటన్నర, రెండు గంటల్లోనే పెద్ద ఆడది మగదానిలా జబర్దస్తీ మొదలుపెట్టింది. 14 నుంచి 18 రోజుల్లో వీర్యం కూడా విడుదల చేయగలిగింది. బ్లూహెడ్ రాస్‌లోనైతే అండాశయాలు తీసేసిన ఆడచేపలు కూడా, పెద్ద మగది లేనప్పుడు, మగవాటిలాగే ప్రవర్తించాయి. అంటే ముందు బుద్ధి మారుతుంది, ఒళ్లు తర్వాత. అందుకే రంగు మారేదాకా ఆగకుండా, ఎవరు ఎవరిని తరుముతున్నారో చూడమంటాను.

అపోహ: రంగులు ఎక్కువుంటే మగది, లేకపోతే ఆడది.

ఫెయిరీ, ఫ్లాషర్ రాస్‌లలో ఇది చాలావరకు నిజమే. కాకపోతే చూడాల్సిన టైంలో చూడాలి. పగటిపూట ఫ్లాషర్ మగది రెక్కలు ముడుచుకుని తిరుగుతుంటే ఆడదానికీ దానికీ పెద్ద తేడా ఉన్నట్టు అనిపించదు. లైట్లు తగ్గే వేళకు ట్యాంక్ ముందు కూర్చోండి. మగది ఒక్కసారిగా వీపు రెక్క నిలబెట్టి, ఒంటి మీద నీలం గీతలు వెలిగించి, ఆడవాటి ముందు నుంచి రివ్వున దూసుకుపోతుంది. కొన్ని సెకన్లే. మళ్లీ మామూలు చేప. కెమెరా తీసేలోపు ఆట అయిపోతుంది, అందుకే నాకు వచ్చే ఫొటోల్లో ఆ క్షణం దాదాపు ఉండదు.

వీపు రెక్క మీద పొడవాటి పోగులుంటే మగదే అని కూడా అంటారు. ఉంటే సరే, కానీ లేకపోతే ఆడదని కాదు. ఎర్రసముద్రపు ఎయిట్‌లైన్ ఫ్లాషర్‌లో మగదానికీ ఆ పోగులుండవు. ఫెయిరీ రాస్‌లలో మాత్రం ఇంకో గుర్తు పనికొస్తుంది: చాలా జాతుల్లో పిల్లలకూ ఆడవాటికీ తోక మొదట్లో, పైవైపు ఒక నల్లచుక్క ఉంటుంది.

లెపర్డ్ రాస్ దగ్గర ఈ రంగుల సూత్రం పనికిరాదు. తెల్లటి ఒంటి మీద నల్లమచ్చలతో అంత అందంగా ఉండేది ఆడదే. మగది ఎరుపు, ఆకుపచ్చ కలిసిన వేరే రంగులోకి పోతుంది. పసుపు కోరిస్ అనే రాస్‌లో అయితే రంగు వదిలేసి చుక్కలు లెక్కపెట్టాలి. పిల్లలకూ ఆడవాటికీ వీపు రెక్క పొడవునా రెండో మూడో నల్లచుక్కలుంటాయి, ముదిరిన మగదానికి సాధారణంగా ముందున్న ఒక్కటే మిగులుతుంది.

అపోహ: ఆడ రంగులో ఉంటే ఆడదే.

కాదు. కొన్ని జాతుల్లో పుట్టుకతోనే మగవైనవి కూడా ఆడవేషంలో తిరుగుతాయి. బ్లూహెడ్‌లో పసుపు రంగు చిన్నచేపల్లో ఆడవీ, ఇలాంటి మగవీ రెండూ ఉంటాయి. పెద్ద మగది జతకట్టే క్షణంలో ఈ వేషగాళ్లు మధ్యలో దూరి తమ పని కానిచ్చుకుంటాయి కూడా.

అపోహ: సిక్స్‌లైన్ రాస్‌లో పొట్ట లావుగా ఉంటే ఆడది.

పొట్ట లావుగా ఉంటే ఇప్పుడే తిన్నదని అర్థం, అంతే. సిక్స్‌లైన్‌లో, పాసమ్ రాస్‌లో బయటికి కనిపించే నమ్మకమైన తేడా లేదు. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నదే. మొదట్లో ఒకాయన ‘ఇది జత’ అని రెండు సిక్స్‌లైన్‌లు అంటగట్టాడు. రెండో రోజుకే ఒకదాని తోక చిరిగిపోయింది, పాపం రాయి వెనక నుంచి మేతకు కూడా బయటికి రాలేదు. ఆ వారమంతా టెన్షనే. చివరికి వేరే ట్యాంక్‌కి మార్చాను. వాటిలో మగదేదో, ఆడదేదో, అసలు రెండూ ఒకటేనో నాకు ఇప్పటికీ తెలియదు.

అపోహ: మగగా మారితే ఇక వెనక్కి రాదు.

క్లీనర్ రాస్‌లో రెండు మగవాటిని కలిపి ఉంచితే చిన్నది తిరిగి ఆడగా మారినట్టు పరిశోధకులు చూపించారు. అలాగని దాన్ని ట్యాంక్‌లో పెంచి ప్రయత్నించకండి. వేరే చేపల ఒంటి మీది పరాన్నజీవుల్ని మేసి బతికే ప్రాణి అది, చాలామంది దగ్గర తిండి సరిపోక చనిపోతుంది.

ఫెయిరీ, ఫ్లాషర్‌లు కావాలంటే రంగు తేలిన పెద్ద మగది ఒకటి, దానికంటే స్పష్టంగా చిన్నవైన ఆడవి రెండో మూడో తీసుకోండి. మగది లేకుండా అన్నీ ఆడవే వేసినా పెద్దది మారే అవకాశం ఉంది. వారానికోసారి ఒకే లైటులో, ఒకే పక్క నుంచి ఫొటో తీసి పెట్టుకుంటే మార్పు తెలుస్తుంది. నా మెలానూరస్ రాస్ కొన్నప్పుడు దాని వీపు రెక్క మధ్యలో కన్నులాంటి చుక్క నల్లగా, చుట్టూ గుండ్రటి అంచుతో ఉండేది. మొన్న తీసిన ఫొటోలో ఆ అంచు లేదు, చుక్క కూడా మసకబారింది. నిన్నటి నుంచి పక్కనున్న చిన్నదాన్ని తరుముతోంది.