ప్యాలెట్ ర్యాక్‌లు: గోడౌన్లలో తరచూ వినిపించే అపోహలు, వాస్తవాలు

మేడ్చల్, శంషాబాద్, పటాన్‌చెరు చుట్టూ గోడౌన్లు పెరిగేకొద్దీ ప్యాలెట్ ర్యాక్‌లు, అంటే సరుకు పేర్చిన చెక్క, ప్లాస్టిక్ పీటలను (ప్యాలెట్లను) అంతస్తులుగా నిలిపే ఇనుప చట్రాలు, కొనే బాధ్యత చాలామందికి కొత్తగా వచ్చి పడింది. కొటేషన్‌లో ముందుగా కంటికి కనిపించేవి మూడే: ఎత్తు, ఎన్ని లెవల్స్, లెవల్‌కి ఎన్ని కిలోలు. వాటికి ఎదురుగా ధర. ఆ నాలుగు చూసి ఆర్డర్ ఇచ్చేస్తారు. అయితే ర్యాక్ ఎంత మోస్తుందన్నది ఇనుము ఒక్కటే తేల్చదు. బీమ్ ఏ ఎత్తులో ఉంది, ప్యాలెట్ దాని మీద ఎలా కూర్చుంది, కింద కాంక్రీటు ఎంత మందం, మధ్యలో తిరిగే ఫోర్క్‌లిఫ్ట్ బండి ఏది అన్నవన్నీ కలిస్తేనే ఆ అంకె వస్తుంది. వీటిలో ఒకటి మారినా పాత అంకె చెల్లదు. మాకు ఎదురయ్యే అపోహల్లో ఎక్కువ భాగం ఈ సంగతి మరిచిపోవడం వల్ల వచ్చినవే.

ముందు పేర్లు. రెండు నిలువు కాళ్లను, అంటే అప్‌రైట్లను, బ్రేసింగ్ పట్టీలతో కలిపితే ఒక ఫ్రేమ్. రెండు ఫ్రేమ్‌ల మధ్య ముందొకటి, వెనకొకటి బీమ్‌లు తగిలిస్తే ఒక బే. బీమ్ చివర హుక్‌లు అప్‌రైట్ రంధ్రాల్లో కూర్చుంటాయి, అవి పైకి లేచిపోకుండా లాక్ పిన్ ఉంటుంది. కాలి కింద బేస్ ప్లేట్, దాన్ని నేలకు బిగించే యాంకర్ బోల్ట్.

అపోహ: "ఇది రెండు టన్నుల ర్యాక్"

ఆ రెండు టన్నులు సాధారణంగా ఒక లెవల్‌లోని జత బీమ్‌ల మీద సమంగా పరచిన బరువు. అంటే వెయ్యి కిలోల ప్యాలెట్లు రెండు. బరువు బీమ్‌ల దగ్గరే ఆగిపోదు, ఫ్రేమ్‌లోకి దిగుతుంది. నేల మీద ఒక వరుస ప్యాలెట్లు, పైన నాలుగు బీమ్ లెవల్స్ ఉన్న ర్యాక్ తీసుకోండి. నేల మీది ప్యాలెట్లను నేలే మోస్తుంది. పైన ఉన్నది బేకి 8,000 కిలోలు. వరుస మధ్యలోని ఫ్రేమ్ అటు బేలో సగం, ఇటు బేలో సగం మోస్తుంది కాబట్టి దాని మీద 8 టన్నులు, ఒక్కో కాలికి 4 టన్నులు. వరుస చివరి ఫ్రేమ్ మీద ఇందులో సగమే.

కాబట్టి ర్యాక్‌కు తగిలించే లోడ్ బోర్డు మీద లెవల్ బరువు, మొత్తం బే బరువు, మొదటి బీమ్ ఎత్తు, లెవల్‌కి లెవల్‌కి మధ్య దూరం, ఇవన్నీ ఉండాలి. "కెపాసిటీ 2 టన్నులు" అని ఒక్క ముక్క రాసి ఉంటే ఆ బోర్డును మార్పించండి. "సమంగా పరచిన" అన్న మాటకూ విలువ ఉంది. అదే రెండు టన్నుల యంత్రాన్ని బీమ్ నడిమధ్యన ఒక్కచోట బరువు పడేలా పెడితే, బీమ్‌ను వంచే ఒత్తిడి రెట్టింపవుతుంది.

అపోహ: "ఒక లెవల్ తీసేస్తే బరువు తగ్గుతుంది, ఇంకా భద్రం"

అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే, ఎందుకంటే వినడానికి పూర్తిగా సబబుగా ఉంటుంది. ఎత్తయిన ప్యాలెట్లు వస్తాయి. సూపర్‌వైజర్ మొదటి లెవల్ బీమ్‌లు ఊడదీయిస్తాడు. పైనున్న ర్యాక్‌లో దేన్నీ ముట్టుకోలేదు కదా అనిపిస్తుంది.

అప్‌రైట్ పలుచటి రేకును మడిచి చేసిన సన్నటి కంబం. అది సాధారణంగా నలిగి విఫలం కాదు, పక్కకు ఒంగి విఫలమవుతుంది. ఆ ఒంపును ఆపేది బీమ్. సన్నటి కంబం ఒంగకుండా మోయగల బరువు దాని ఊతం లేని పొడవు వర్గానికి విలోమంగా పడిపోతుంది. మొదటి బీమ్ 1.6 మీటర్ల ఎత్తులో, రెండోది 3.2 మీటర్ల దగ్గర ఉన్నాయనుకోండి. మొదటిది తీసేస్తే ఊతం లేని పొడవు రెట్టింపు, ఆ సూత్రం ప్రకారం మోసే శక్తి నాలుగో వంతు. నిజమైన ర్యాక్‌లో హుక్ జాయింటు బిగువు, బేస్ ప్లేట్ పట్టు, స్టీలు రకం కూడా లెక్కలోకి వస్తాయి, కాబట్టి తగ్గుదల సరిగ్గా అంతే ఉండదు. కానీ దిశ అదే. మన ఉదాహరణలో ఫ్రేమ్ మీద బరువు 8 టన్నుల నుంచి 6 టన్నులకు దిగింది, పావు వంతు తగ్గింది. మోసే శక్తి సగానికి పైగా పోయి ఉండొచ్చు.

బీమ్ జరపడానికి సుత్తి ఒక్కటి చాలు, అడిగేవారుండరు. అందుకే నియమం గట్టిగా ఉండాలి: తయారీదారు కొత్త ఎత్తులకు లెక్క వేసి, కొత్త లోడ్ బోర్డు ఇచ్చేదాకా ఒక్క బీమ్ కూడా కదలకూడదు.

అపోహ: "మా ఫ్లోర్ చదరపు మీటరుకు 5 టన్నులు, ఏ ర్యాక్ అయినా ఆగుతుంది"

గోడౌన్ అద్దె కాగితాల్లో రాసే 5 టన్నులు నేలంతా సమంగా పరచిన బరువుకు సంబంధించినది. ర్యాక్ కాలు అలా మోపదు. 150 × 120 మి.మీ. బేస్ ప్లేట్ మీద 4 టన్నులు పడితే, ఆ అరచేతంత చోటులో ఒత్తిడి చదరపు మీటరుకు 222 టన్నుల లెక్కన ఉంటుంది. రెండు వరుసలు వీపుకు వీపు ఆనించి వేస్తే 200, 300 మి.మీ. దూరంలోనే ఇంకో 4 టన్నుల కాలు దిగుతుంది. నేల దీన్ని తట్టుకోవడం స్లాబ్ మందం, కాంక్రీటు గ్రేడు, లోపలి స్టీలు, కింద మట్టిని ఎంత గట్టిగా దిమ్మిస చేశారన్న దాని మీద ఆధారపడుతుంది. కాబట్టి ర్యాక్ సప్లయర్ నుంచి కాలి బరువు, బేస్ ప్లేట్ కొలత, కాళ్ల మధ్య దూరాలు రాతపూర్వకంగా తీసుకుని స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఇవ్వండి.

స్లాబ్ జాయింట్లను లేఅవుట్ డ్రాయింగ్‌లో గీయించడం కూడా అంతే ముఖ్యం. జాయింట్ అంచు స్లాబ్‌లో బలహీనమైన చోటు. దాని పక్కనే యాంకర్ రంధ్రం వేస్తే పెచ్చు లేచిపోతుంది, బోల్టుకు పట్టు దొరకదు. నేల మిట్టపల్లాలను స్టీలు షిమ్ ప్లేట్లతోనే సరిచేయాలి. చెక్క ముక్కలు, మడిచిన అట్టలు కొన్నాళ్లకే నలిగి కాలు కిందికి దిగుతుంది. బరువు లేనప్పుడు కాలు నిటారు నుంచి ఎంత తప్పవచ్చో యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 15620 చెబుతుంది: ర్యాక్ వరుసల మధ్య దారులు, అంటే ఐల్స్, మామూలు వెడల్పు ఉన్న ర్యాక్‌కు ఎత్తులో 350వ వంతు. 7 మీటర్లకు 20 మి.మీ. బిగింపు పూర్తయిన రోజే కొలిచి రాసిపెట్టుకోండి. తర్వాత ఎంత కదిలిందో తెలియడానికి పోల్చుకునే అంకె అదొక్కటే.

అపోహ: "ప్యాలెట్ ఏదైనా ఒకటే"

ప్యాలెట్ ఖరారు కాకుండా ర్యాక్ కొలత ఖరారు చేయకూడదు. 1200 × 1000 ప్యాలెట్‌ను 1000 వైపు ముందుకు వచ్చేలా రెండేసి పెడితే బీమ్ 2300 మి.మీ. 1200 వైపు ముందుకు వస్తే 2700. మూడు యూరో ప్యాలెట్లు, 800 వైపు ముందుకు, అదే 2700లో పడతాయి. పక్కపక్కన కనీసం 75 మి.మీ. ఖాళీ, పైన బీమ్‌కు సరుకుకు మధ్య ఖాళీ ఎత్తు పెరిగేకొద్దీ ఎక్కువ: బీమ్ 3 మీటర్ల దాకా 75, 6 మీటర్ల దాకా 100, 9 మీటర్ల దాకా 125 మి.మీ.

చెక్క ప్యాలెట్ కింద పొడవునా ఉండే దిమ్మెలు ముందు బీమ్ నుంచి వెనక బీమ్‌కు అడ్డంగా ఆనాలి. ప్యాలెట్‌ను తిప్పి, దిమ్మెలు బీమ్‌లకు సమాంతరంగా పెడితే బరువంతా పలుచటి పలకల మీద పడుతుంది. అలా పెట్టక తప్పదంటే ప్యాలెట్ కింద సపోర్ట్ బార్లు వేయించాలి. ప్లాస్టిక్ ప్యాలెట్‌కు మూడు లోడ్లు ఉంటాయి: నేల మీద స్టాటిక్, ఫోర్కుల మీద డైనమిక్, బీమ్‌ల మీద ర్యాకింగ్. మీకు కావలసింది మూడోది. స్టాటిక్ 4 టన్నులున్న ప్యాలెట్‌కు ర్యాకింగ్ ఒక టన్నే ఉండొచ్చు, కొన్నిటికి అసలు ఉండదు. రేకుల కప్పు కింద పై లెవల్ వేడికి ప్లాస్టిక్ నెమ్మదిగా సాగుతుంది, కాబట్టి ఈ అంకెలో బొత్తిగా అంచున బతకకండి.

అపోహ: "డ్రైవ్-ఇన్ వేస్తే అదే జాగాలో రెట్టింపు సరుకు"

డ్రాయింగ్ మీద నిజమే. డ్రైవ్-ఇన్‌లో ఐల్స్ తక్కువ, బండి ర్యాక్ లోపలికే వెళ్తుంది, ప్యాలెట్లు రెండు అంచుల్లో పట్టాల మీద కూర్చుంటాయి. ఆరు లోతు, నాలుగు ఎత్తు ఉన్న ఒక లేన్‌లో 24 ప్యాలెట్లు. కానీ ఆ లేన్ ఒకే సరుకుది, ఒకే లాట్‌ది. 19 వెళ్లిపోయి 5 మిగిలినా ఖాళీ అయిన చోట ఇంకో సరుకు పెట్టలేరు, పెడితే ఆ 5 వెనక చిక్కుకుపోతాయి. చివర పెట్టిందే ముందు బయటికి వస్తుంది.

హైదరాబాద్ మందుల కంపెనీల గోడౌన్ చూడండి. వందలాది బ్యాచ్‌లు, ఒక్కోదానికి ఒక ఎక్స్‌పైరీ, ముందు ముగిసేది ముందు పోవాలి. అక్కడ ప్రతి ప్యాలెట్‌కు నేరుగా చెయ్యి అందే సెలెక్టివ్ ర్యాకే సరైనది. భీమవరం, కాకినాడ వైపు రొయ్యల కోల్డ్ స్టోరేజీ వేరు. ఒకే కౌంటు, ఒకే గ్రేడు పెద్ద లాట్లుగా ఉండి, కలిసి కంటైనర్ ఎక్కుతాయి. చల్లబరచాల్సిన ప్రతి ఘనపు మీటరుకూ కరెంటు ఖర్చు. అక్కడ డ్రైవ్-ఇన్ లెక్క కుదురుతుంది.

కొత్త ప్యాలెట్ పాతవాటిని వెనక్కి నెట్టే పుష్-బ్యాక్‌లోనూ చివరిది ముందు వస్తుంది, అయితే బండి లోపలికి వెళ్లదు. రోలర్ల వాలు మీద నడిచే ప్యాలెట్ ఫ్లోలో ముందు పెట్టింది ముందు వస్తుంది, కానీ ప్యాలెట్ అడుగు బాగుండాలి, విరిగిన పలక ఒక్కటి మొత్తం లేన్‌ను ఆపేస్తుంది.

అపోహ: "ర్యాక్ కొన్నాక బండి సంగతి చూద్దాం"

వెనక బరువుతో తూకం నిలిపే కౌంటర్‌బ్యాలెన్స్ ఫోర్క్‌లిఫ్ట్‌కు సుమారు 3.5 నుంచి 4 మీటర్ల ఐల్ కావాలి, ఫోర్కులను ముందుకు చాపే రీచ్ ట్రక్‌కు 2.7 నుంచి 3. ఈ దూరం కొలిచేది సరుకు నుంచి సరుకుకు. 800 లోతు ఫ్రేమ్ మీద 1000 ప్యాలెట్ ఉంటే చెరో వైపు 100 మి.మీ. బయటికి వస్తుంది. అప్‌రైట్ నుంచి అప్‌రైట్‌కు కొలిచినవారు ఐల్‌లో 200 మి.మీ. పోగొట్టుకుంటారు, తర్వాత ప్రతి మలుపులో కాలికి దెబ్బ. బండి 1.6 టన్నులదైనా 9 మీటర్ల ఎత్తులో అంత ఎత్తలేకపోవచ్చు. దాని కెపాసిటీ ప్లేట్ మీద ఆ ఎత్తుకు రాసిన అంకె చూడండి.

అపోహ: "చిన్న సొట్టే, వెల్డింగ్ చేయిద్దాం"

ముందు కొలవండి. ఒక మీటరు పొడవున్న తిన్నని అల్యూమినియం పట్టీని సొట్ట మధ్యకు వచ్చేలా అప్‌రైట్‌కు ఆనించండి, పట్టీకి కాలికి మధ్య సందు ఎంతో చూడండి. బ్రేసింగ్ వైపు, అంటే ర్యాక్ లోతు దిశలో ఒంపు 3 మి.మీ. దాటకూడదు. బీమ్‌ల దిశలో 5 మి.మీ. బ్రేసింగ్ పట్టీకి 10. ఈఎన్ 15635లోని ఈ హద్దుల లోపల ఉంటే పచ్చ, గమనిస్తూ ఉండాలి. దాటితే కాషాయం: ఉన్న సరుకు దించేశాక మళ్లీ ఎక్కించకూడదు, నాలుగు వారాల్లో మార్చాలి. హద్దుకు రెండింతలైతే ఎరుపు: వెంటనే ఖాళీ చేయాలి. ఖాళీ చేయడమంటే దెబ్బ తిన్న కాలికి రెండు వైపులా ఉన్న బేలను పై నుంచి కింది దాకా. చిరిగిన రేకు, పగిలిన వెల్డు ఉంటే కొలతతో పనిలేదు, అది ఎరుపే.

గ్యాస్‌తో వేడి చేసి సుత్తితో సరిచేయడం, అతుకు వెల్డింగ్ వద్దే వద్దు. చల్లగా మడిచినప్పుడు స్టీలుకు వచ్చిన బలం వేడికి పోతుంది, రంధ్రాల వరుస కూడా తప్పుతుంది. అప్‌రైట్ మార్చడమే మార్గం. ఒక్క ఫ్రేమ్ పడితే బీమ్‌లు పక్క ఫ్రేమ్‌ను లాగుతాయి, వరుస వరుసంతా పోవచ్చు. 2016 మేలో ఇంగ్లండ్‌లోని హిన్‌స్టాక్ దగ్గర చీజ్ నిల్వ చేసిన గోడౌన్‌లో ర్యాక్‌లు ఇలాగే కూలి, ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ గంటల తరబడి సరుకు కింద చిక్కుకుపోయాడు. అదృష్టవశాత్తూ బతికి బయటపడ్డాడు.

వారానికి ఒకసారి మీ మనిషి ఒకరు ఐల్ వెంట నడిచి చూడాలి: లాక్ పిన్లు ఉన్నాయా, హుక్‌లు పూర్తిగా దిగాయా, బోల్టులు వదులయ్యాయా. ఏడాదికి ఒకసారైనా బయటి నిపుణుడు చూడాలి. పిన్ చిన్నదే, కానీ ఫోర్కు కింది నుంచి బీమ్‌ను పొరపాటున ఎత్తితే సుమారు 500 కిలోల లాగుడును ఆపాల్సింది అదే. మేకు గుచ్చి సరిపెట్టకండి.

అపోహ: "బీమ్ కిందికి వంగింది, విరిగిపోతుంది"

ఇది అటువైపు భయం. బరువు కింద పొడవులో 200వ వంతు వంగడం డిజైన్‌లోనే ఉంది, 2700 బీమ్‌కు 13.5 మి.మీ. బరువు దించాక చూడండి. తిరిగి తిన్నగా వస్తే సమస్య లేదు. ఆ వంపులో ఐదో వంతుకు మించి మిగిలిపోతే బీమ్ మార్చాలి.

అపోహ: "కాలమ్ గార్డ్ ఉంది, గుద్దినా ఏం కాదు"

అప్‌రైట్ ముందు దెబ్బ కాయడానికి బిగించే ఈ కాలి గార్డ్‌కు యూరోపియన్ ప్రమాణం అడిగేది 400 జౌల్స్ శక్తిని తట్టుకోవడం. సరుకుతో కలిపి 4 టన్నుల బండి గంటకు 5 కి.మీ. వేగంతో వస్తే దాని శక్తి సుమారు 3,850 జౌల్స్. గార్డ్ రాసుకుపోయే దెబ్బలకు పనికొస్తుంది, నేరుగా గుద్దితే కాదు. గార్డ్ నలిగితే వెనక కాలిని తప్పనిసరిగా కొలవండి.

అపోహ: "సెకండ్ హ్యాండ్ బీమ్ హుక్ పట్టింది, సరిపోయినట్టే"

పట్టడం వేరు, మోయడం వేరు. రంధ్రాల దూరం కలిసినా హుక్ మందం, రేకు మందం, స్టీలు గ్రేడు వేరై ఉండొచ్చు. వేర్వేరు కంపెనీల అప్‌రైట్లు, బీమ్‌లు కలిపితే ఆ జాయింటుకు లెక్క వేసినవారంటూ ఎవరూ ఉండరు. పాతది కొంటే మొత్తం సెట్టు ఒకే తయారీది, డ్రాయింగ్‌తో సహా కొనండి.

అపోహ: "భూకంపం లెక్క ఉత్తరాది వాళ్లకు"

భూకంపాన్ని తట్టుకునే డిజైన్‌కు భారత ప్రమాణం ఐఎస్ 1893, దాని 2016 ఎడిషన్ ప్రకారం హైదరాబాద్ భూకంప జోన్ 2, విజయవాడ జోన్ 3. జోన్ గుణకం 0.10 నుంచి 0.16కి పెరుగుతుంది, అంటే అడ్డంగా వచ్చే బలం లెక్కలో 60 శాతం ఎక్కువ. హైదరాబాద్ గోడౌన్‌కు వేసిన ర్యాక్‌నే గన్నవరం దగ్గర గోడౌన్‌లో మక్కికి మక్కి వేయాలనుకుంటే బ్రేసింగ్, బేస్ ప్లేట్, యాంకర్లను మళ్లీ లెక్క వేయించి, ఆ ఊరి పేరు, జోన్ రాసి ఉన్న కొత్త డ్రాయింగ్ తీసుకోండి.